బడి తగవులు – ప్లీడరు గడప



కోర్టులో ఓడినవాడు కోర్టులోనే యేడ్చెననియు, గెలిచినవాడు ఇంటికి వచ్చి యేడ్చెననియు మనలో నొక సామెత కలదు. గట్టు తగవులలోను, దాయభాగపు వ్యాజ్యములలోను తరతరములు మునిగి తేలినవారు చెప్పిన మాట యది. అయినను గట్టు తగవునకు ప్లీడరు గడప త్రొక్కుటకు సంకోచింపని గృహస్థుడు సయితము, బిడ్డ చదువు విషయమున అన్యాయము జరిగినపుడు ఆ గడప యొద్దకు పోవుటకు జంకును. గురువుమీద వ్యాజ్యమా యని సిగ్గుపడును. ఇటీవల దీనికి విపరీతముగా, లెక్కల పరీక్షలో రెండు మార్కులు తగ్గినంతనే ప్లీడరు నోటీసు పంపువారును బయలుదేరినారు. ఈ రెండు త్రోవలును సరియైనవి కావు. ఎప్పుడు పోవలెను, ఎప్పుడు పోరాదు అను ప్రశ్నకు సమాధానము న్యాయస్థానముల చరిత్రలోనే కలదు. ఆ చరిత్రను నేడు సంగ్రహముగా మనవి చేసెదను.

నేను న్యాయశాస్త్రము చదివినవాడను కాను. భాషాప్రవీణ పరీక్షలో కృతార్థుడనై, ఉన్నత పాఠశాలలలో ముప్పదియేండ్లకు పైగా తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్న ఉపాధ్యాయుడను. ఈ విషయము నన్నేల పట్టుకొన్నదో చెప్పవలెనన్న, ఒక పాత సంగతిని విన్నవింపవలసియున్నది.

1994వ సంవత్సరమున నేను పనిచేయుచుండిన పాఠశాలలో అర్ధసంవత్సర పరీక్ష ప్రశ్నపత్రము ముందుగనే బయటపడినది. పదవ తరగతి బాలుడొకడు దానిని అపహరించెనని యెవరో చెప్పిరి. ఆ సాయంకాలమే అతని పేరు హాజరుపట్టీనుండి కొట్టివేసి, టి.సి. వ్రాసి చేతికిచ్చితిమి. తరగతి ఉపాధ్యాయుడనైన నేనును ఆ కాగితముపై సంతకము చేసితిని. "నీవు చేసితివా?" యని ఆ బాలుని మాలో నెవ్వరును అడుగలేదు. మరునాడు అతని తండ్రి, మగ్గము నేసి బ్రదుకు మనిషి, వరండాలో నిలుచుండి, "మేష్టారూ, ఎవరైనా ప్లీడరుగారిని కనుక్కోమంటారా?" అని నన్నడిగెను. "బడిమీద కోర్టుకెక్కకూడదయ్యా, పిల్లవాడికి మంచిది కాదు" అని నేను బదులు చెప్పితిని. అతడు నా మాట విని వెడలిపోయెను. ఆ బాలుడు ఆ మార్చిలో పరీక్షకు కూర్చుండలేదు. మరల ఏ బడికిని పోలేదు. అతడు దోషియో కాడో నాకు నేటికిని తెలియదు. తెలిసికొనుటకు మేము యత్నింపలేదు.

గురువుమీద రాజునకు మొరపెట్టుకొనుట మన సంప్రదాయమునకు విరుద్ధమని నేనును ఆనాడు నమ్మియుంటిని. కాని గౌతమ ధర్మసూత్రములను తెరచి చూచినచో వేరొకటి కనబడును. శిష్యుని కొట్టకయే శాసింపవలెననియు, అది సాధ్యము కానిచో సన్నని త్రాటితోనో చీల్చిన వెదురుబద్దతోనో మాత్రమే దండింపవచ్చుననియు, మరి యే సాధనముతో కొట్టినను ఆ గురువును రాజు శిక్షింపవలెననియు అందు విధింపబడినది. కొట్టుట యను మాటను నేడు మన మంగీకరింపము. గమనింపవలసినది చివరి విధి. గురుశిష్యుల నడుమ సయితము రాజుగారి ధర్మాసనమునకు చోటున్నదని ప్రాచీనులే యొప్పుకొనిరి.

నేటి కోర్టులు ఇట్టి తగవులలో అనుసరించు ముఖ్యసూత్రమునకు ప్రసిద్ధమైన పూర్వోదాహరణము ఇంగ్లండు దేశములో కలదు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములోని ట్రినిటీ కళాశాలకు అధిపతియైన రిచర్డు బెంట్లీ గొప్ప గ్రీకు లాటిను పండితుడు, అంతకంటె గొప్ప కలహశీలుడు. విశ్వవిద్యాలయపు న్యాయసభను అవమానించెనని 1718లో ఆయన పట్టములను ఊడబెరికిరి. ఆయన రాజుగారి న్యాయస్థానమునకు పోయెను. సంజాయిషీ చెప్పుకొనుటకు అవకాశమీయక పట్టములు తీసివేయుట చెల్లదని 1723లో తీర్పు వచ్చెను. మరుసటి యేట పట్టములు తిరిగి లభించెను. ఆ సందర్భమున ఒక న్యాయమూర్తి, ఆదామును తోటనుండి వెడలగొట్టుటకు ముందు దేవుడు సయితము అతనిని పిలిచి ప్రశ్నించెను గదా యని జ్ఞాపకము చేసెను. బెంట్లీ మంచివాడా కాడా యని న్యాయస్థానము విచారింపలేదని గుర్తింపవలెను. అతని మాట వినిరా లేదా యన్నదొక్కటియే విచారించెను. మూడువందల యేండ్లుగా బడి తగవులన్నియు ఈ యిరుసు చుట్టునే తిరుగుచున్నవి.

మన దేశమున ఈ సూత్రము విద్యార్థికి అందుబాటులోనికి వచ్చుటకు చాలకాలము పట్టినది. 1907 ఏప్రిల్ మాసమున బిపిన్ చంద్రపాలుగారు రాజమహేంద్రవరమునకు విచ్చేసి ఉపన్యసించిన పిదప, అచటి ప్రభుత్వ శిక్షణ కళాశాల విద్యార్థులు వందేమాతర చిహ్నములను ధరించి తరగతులకు పోయిరి. ప్రిన్సిపాలు మార్కు హంటరు దొర వారిని శిక్షించెను. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు కళాశాలనుండి బహిష్కృతులై, ప్రభుత్వోద్యోగమునకును అనర్హులుగా నిర్ణయింపబడిరి. 1938లో హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహములలో వందేమాతరము పాడిన విద్యార్థులను బహిష్కరించిరి. వందలకొలది విద్యార్థులకు చదువు ఆగిపోగా, నాగపూరు విశ్వవిద్యాలయము తలుపులు తెరచి వారిలో పెక్కుమందిని చేర్చుకొనెను. ఆ కాలమున బహిష్కృతునకు శరణ్యము మరియొక కళాశాలయే కాని న్యాయస్థానము కాదు.

దానికి కారణము కలదు. అధికారుల యుత్తరువులను రద్దుచేయు రిట్టులను జారీచేయు శక్తి అప్పుడు కలకత్తా, మదరాసు, బొంబాయి హైకోర్టులకు మాత్రమే, అదియు ఆయా పట్టణముల హద్దులలోనే, యుండెను. పర్లాకిమిడి జమీందారీ రైతుల వ్యాజ్యమున ప్రీవీ కౌన్సిలు 1943లో ఈ మాటనే స్థిరపరచెను. మదరాసు హైకోర్టు రిట్టు గంజాము వరకు పోదని ఆ తీర్పు సారాంశము. గంజామునకు పోనిది గోదావరికి మాత్రము ఏల పోవును? 1950 జనవరి 26న రాజ్యాంగము అమలులోనికి వచ్చి, దాని 226వ అధికరణము ప్రతి హైకోర్టునకును తన పరిధియంతటను ఈ యధికారము నిచ్చినది. పల్లెటూరి పిల్లవాని చదువు తగవు తిన్నగా హైకోర్టు మెట్లెక్కుట నాటినుండియే సాధ్యమైనది.

ఆ ద్వారమున మొదట ప్రవేశించిన వ్యాజ్యములలో నొకటి మన ఉమ్మడి మదరాసు రాష్ట్రమునుండియే బయలుదేరినది. అప్పటికి మన కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ రాష్ట్రములోనివే. కళాశాలలలో ప్రతి పదునాలుగు స్థానములలో బ్రాహ్మణేతర హిందువులకు ఆరు, వెనుకబడిన హిందువులకు రెండు, బ్రాహ్మణులకు రెండు, హరిజనులకు రెండు, క్రైస్తవులకు నొకటి, ముసల్మానులకు నొకటి యని నాటి ప్రభుత్వపు ఉత్తరువు పంచిపెట్టెను. ఈ యుత్తరువుపై వైద్యకళాశాల కొరకు చంపకం దొరైరాజన్ అను నామెయు, ఇంజనీరింగు కళాశాల కొరకు శ్రీనివాసన్ అను నాతడును వ్యాజ్యము వేసిరి. హైకోర్టు 1950 జూలైలోను, సుప్రీంకోర్టు 1951 ఏప్రిల్ 9నను ఆ యుత్తరువును కొట్టివేసినవి. వెనువెంటనే జూన్ మాసమున రాజ్యాంగమునకు మొదటి సవరణ వచ్చి, వెనుకబడినవారికి ప్రత్యేక సదుపాయములు చేయు అధికారము ప్రభుత్వములకు సంక్రమించెను. నేటికిని ఆ సవరణ ఫలము కోట్లకొలది బిడ్డలకు అందుచున్నది.

చరిత్రకారులు సవరణను గూర్చి విశేషముగా వ్రాయుదురు. తలిదండ్రులు గమనింపవలసినది ఆ తీర్పులోనే యున్న వేరొక చిన్న మాట. చంపకంగారు కళాశాలకు దరఖాస్తు పెట్టుకొనియే యుండలేదు. విచారించినపుడు తనకు స్థానము దొరకదని తెలిసి, తిన్నగా కోర్టుకు వచ్చిరి. ఆమె గెలిచినచో నొక స్థానము కేటాయింతుమని ప్రభుత్వమే యొప్పుకొనియుండుటచే ఆ లోపమును న్యాయస్థానము పట్టింపలేదు. కాని దరఖాస్తు పెట్టకయే కోర్టుకు వచ్చుటను తాము మెచ్చుకొనినట్లు భావింపరాదని ప్రత్యేకముగా హెచ్చరించెను. మొదట అడుగవలెను, కాదనిపించుకొనవలెను, ఆ కాదన్న మాటను కాగితముపై పుచ్చుకొనవలెను. ప్లీడరు యొద్దకు పోవలసినది అటు పిమ్మటనే.

వినుట యను సూత్రము మన దేశపు విద్యార్థికి స్పష్టముగా సంక్రమించినది 1962లో. ఉత్తరప్రదేశమున ముగ్గురు విద్యార్థులు 1954 ఇంటర్మీడియట్ పరీక్షలో ఉత్తీర్ణులైరి. కొన్ని మాసములు గడచిన పిదప, వారు అక్రమ మార్గముల నవలంబించిరని చెప్పి, పరీక్షాసంఘమువారు ఫలితములను రద్దుచేసి, మరుసటి యేటి పరీక్షకును కూర్చుండరాదని శాసించిరి. మీ సమాధానమేమని వారిని అడుగలేదు. అట్టి శిక్ష విధించు సంఘము న్యాయాధికారివలె మెలగవలెననియు, ఆరోపణ తెలిపి సంజాయిషీ వినకుండ శిక్షింపరాదనియు సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. నేను ఆ బాలుని టి.సి.పై సంతకము చేయునాటికి ఈ తీర్పునకు ముప్పదిరెండేండ్లు. అది నాకు తెలియదు. మా కార్యాలయములో నెవ్వరికిని తెలియదు. ఒక ప్లీడరుకు మాత్రము తెలిసియుండును.

ఈ సూత్రమునకును హద్దున్నది. బీహారు రాష్ట్రమున నొక పరీక్షాకేంద్రములో మూకుమ్మడిగా చూచి వ్రాసిరని తేలి, ముప్పదియారుగురి పరీక్షను రద్దుచేసి మరల వ్రాయుడనిరి. ఇట్టి సందర్భమున ఒక్కొక్కరిని పిలిచి విచారింపనక్కరలేదని 1970లో సుప్రీంకోర్టు నిర్ణయించెను. ఒకనిమీద నిందమోపి శిక్షించుట వేరు, పరీక్షయే చెడినదని మరల పెట్టుట వేరు. మొదటిదానికి కోర్టు కలదు. రెండవదానికి ఓపిక పట్టి మరల చదువుకొనుటయే మేలు.

మార్కుల సంగతికి వత్తము. జవాబుపత్రములను చూపింపవలెనని, తిరిగి దిద్దింపవలెనని మహారాష్ట్రమున విద్యార్థులు వ్యాజ్యము వేయగా, నియమములలో లేని హక్కును కోర్టు కల్పింపజాలదని 1984లో సుప్రీంకోర్టు త్రోసివేసెను. 2011లో మాత్రము సమాచార హక్కు చట్టమును బట్టి, తన జవాబుపత్రమును చూచుకొనుటకు విద్యార్థికి హక్కున్నదని తీర్పు వచ్చెను. కూడికలో పొరపాటున్నదా, దిద్దక విడిచిన జవాబున్నదా యని స్వయముగా చూచుకొనవచ్చును. దీనికి ప్లీడరు అక్కరలేదు. ఒక దరఖాస్తు చాలును. ఈ జవాబునకు ఆరు మార్కులు తగునా, ఎనిమిది తగునా యన్న ప్రశ్నను మాత్రము ఏ న్యాయమూర్తియు తలకెత్తుకొనడు. అది దిద్దినవాని వివేకమునకు విడువబడినది. కనుక కేవలము మార్కుల కొరకై కోర్టునకు పోవుట నిష్ఫలము.

ఇక మనస్సాక్షికి సంబంధించిన తగవు. కేరళ దేశమున ముగ్గురు తోబుట్టువులు జాతీయగీతము పాడునపుడు మర్యాదగా లేచి నిలుచుండిరి కాని, తమ మతవిశ్వాసమును బట్టి నోరు విప్పి పాడలేదు. 1985 జూలైలో వారిని బడినుండి వెడలగొట్టిరి. హైకోర్టులో ఓడిరి. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు, పాడితీరవలెనని యే చట్టమును లేదనియు, లేచి నిలుచుండుటచే అవమానము జరుగలేదనియు తేల్చి, ఆ బిడ్డలను మరల చేర్చుకొనవలెనని యాజ్ఞాపించెను. ఆ తీర్పు వ్రాసినది మన తెలుగువారైన జస్టిసు ఓ. చిన్నపరెడ్డిగారు. పలుకుబడియు ధనబలమును లేనివారు సయితము చట్టమొక్కటి తోడుగా పోయినచో నిలువగలరనుట కిది తార్కాణము.

గెలిచియు ఓడిన కథయొకటి కలదు. కర్ణాటకమున నొక ప్రైవేటు వైద్యకళాశాలవారు, ఉత్తరప్రదేశమునుండి వచ్చిన మోహినీ జైన్ అను విద్యార్థిని మొదటి యేటికి 60,000 రూపాయలు అడిగిరి. ప్రభుత్వ స్థానమునకు రుసుము 2,000 మాత్రమే. అంత ఈయజాలమని చెప్పి, ఆమె సుప్రీంకోర్టునకు పోయెను. డొనేషను వసూలు రాజ్యాంగ విరుద్ధమని 1992 జూలై 30న చరిత్రాత్మకమైన తీర్పు వచ్చెను. కాని ఆమెకు మాత్రము స్థానము దొరకలేదు. యోగ్యతా జాబితాలో ఆమె లేదనియు, తరగతులు 1991 వసంతముననే ప్రారంభమైనవనియు చెప్పి, కోర్టువారు ఆమెకు ప్రవేశ మిప్పింపలేదు. దేశమునకు సూత్రము మిగిలినది. ఆమె యేడు పోయినది.

మరుసటి యేడు, 1993 ఫిబ్రవరిలో, ఉన్నికృష్ణన్ అను నాతడు ఆంధ్రప్రదేశ ప్రభుత్వముపై వేసిన వ్యాజ్యమున ఐదుగురు న్యాయమూర్తుల పీఠము, పదునాలుగేండ్ల వరకు విద్య ప్రాథమిక హక్కని ప్రకటించెను. ప్రధానమైన తీర్పు వ్రాసిన జస్టిసు బి.పి. జీవన్‌రెడ్డిగారును తెలుగువారే. ఆ పీఠము కళాశాలల రుసుములకు ఏర్పరచిన పద్ధతిని 2002లో పదునొకండుగురు న్యాయమూర్తులు త్రోసిపుచ్చిరి కాని, బిడ్డల చదువు హక్కు నిలిచినది. అదే యేడు అది రాజ్యాంగములో 21-ఏ అధికరణమై, 2009లో చట్టమై, 2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చినది. ప్రాథమిక విద్య ముగియువరకు బిడ్డను బడినుండి వెడలగొట్టరాదు. కొట్టరాదు, మానసికముగా హింసింపరాదు. బిడ్డ వేరొక ప్రభుత్వ పాఠశాలకో ఎయిడెడు పాఠశాలకో మారగోరినచో టి.సి. వెంటనే ఇయ్యవలెను. అల్పసంఖ్యాకుల విద్యాలయములకు ఈ చట్టము వర్తింపదని 2014లో తీర్పు వచ్చినది. తక్కిన బడులలో చదువు బిడ్డ విషయమున తలిదండ్రులు స్థానికాధికారికి వ్రాతమూలముగా ఫిర్యాదు చేయవచ్చును. మూడు మాసములలో ఆ యధికారి తేల్చవలెను. తృప్తి లేనిచో బాలల హక్కుల కమిషనునకు అప్పీలు కలదు.

మూడు మాసములన్న మాట వినుటకు బాగుగనే యున్నది. పరీక్ష మూడు వారములలో నున్నచో నేమి చేయవలెను? కాలము సంగతిని 2019 డిసెంబరులో, ఆంధ్రప్రదేశమునుండి పోయిన వైద్యవిద్యార్థిని వ్యాజ్యమున సుప్రీంకోర్టు విశదముగా విచారించెను. విద్యార్థియందు తప్పు లేక, యోగ్యతయుండియు, అధికారుల దోషముచే ప్రవేశము పోయి, ఏమాత్రము జాగుచేయక కోర్టునకు వచ్చినచో, అరుదైన సందర్భములలో గడువు దాటిన నెలలోపల ఆ యేడే స్థానమిప్పింపవచ్చును, లేనిచో మరుసటి యేట ఇప్పింపవచ్చును, నష్టపరిహారమును ఇప్పింపవచ్చును. ఇందు ప్రాణమువంటి మాట "జాగుచేయక" యన్నది. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్న లాభము లేదు. పొలము తగవు పదేండ్లు నడచినను పొలమచ్చటనే యుండును. బిడ్డ వయస్సు అట్లు నిలువదు.

ఇంతవరకు చెప్పినదాని సారము మీరు గ్రహించియే యుందురు. ఉపాధ్యాయుడు కసిరినను, ముందు బల్లపై కూర్చుండనీయకున్నను, మార్కులు తగ్గినను, ప్రధానోపాధ్యాయుని గదికి పోయి మాటలాడుడు. అంతకు మించి పోవలదు. బిడ్డను బడినుండి తొలగించినను, ఫలితము నిలిపినను, టి.సి. పట్టి యుంచినను, నియమమునకు విరుద్ధముగా ప్రవేశము నిరాకరించినను, చట్టవిరుద్ధముగా సొమ్మడిగినను, మొదట ఒక అర్జీ వ్రాసి, అందినట్లు సంతకము పుచ్చుకొనుడు. కారణము కాగితముపై నడుగుడు. ప్రతి కాగితమునకును నకలు దాచుకొనుడు. జవాబు రానిచో, లేదా పరీక్షయో ప్రవేశపు గడువో ముంచుకొని వచ్చుచున్నచో, ఆ వారములోనే ప్లీడరును కలిసికొనుడు. బిడ్డ శరీరమునకు గాయమైనచో మొదట వైద్యుని, పిమ్మట పోలీసు ఠాణాను, ఆ వెనుక ప్లీడరును చూడుడు.

ప్లీడరు ఫీజునకు సొమ్ము లేదందురా? 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము బాలబాలికలకును, స్త్రీలకును, షెడ్యూల్డు కులములవారికిని తెగలవారికిని ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచితముగా న్యాయవాది నిత్తురు. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థ కార్యాలయమున నొక అర్జీ పెట్టుకొనవలెను. కోర్టునకు పోవుట వేరు, ప్లీడరును అడుగుట వేరు. మంచి ప్లీడరు ఒక్క యుత్తరముతో తగవును బడి గుమ్మములోనే తీర్చును; లేదా "నీ పట్టు చాలదు, ఇంటికి పొమ్ము" అని నిజము చెప్పును. రెండును మేలే.

తోటి ఉపాధ్యాయులకు నొక మనవి. ప్లీడరు నోటీసు వచ్చినంత మాత్రమున గురుత్వమునకు భంగము వాటిల్లదు. మన మడుగవలసిన ఒక ప్రశ్నను మనమే ముందుగా నడిగినచో, చాలవరకు ఆ నోటీసే రాదు. అడుగుటకు పట్టునది పావుగంట.

ఆ నేతపనివాని కొడుకును మే మా పావుగంటకే పోగొట్టుకొంటిమి. ఇప్పుడా తండ్రి మరల నా వరండాలోనికి వచ్చి ఆ ప్రశ్నయే వేసినచో, "పోవయ్యా, ఈ సాయంకాలమే పో. నా పేరు చెప్పు, నేను సంతకం చేశానని కూడా చెప్పు" అని యందును. ఆ మాట ఆతనికి చెప్పవలసిన దినమున చెప్పలేకపోతిని. కనుక మీకు చెప్పుచున్నాను.

సెలవు.